ఏడో ఆజ్ఞ దగ్గర ఆగిపోయాను

యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని సన్హెడ్రిన్ భాగం 56వ పత్రాన్ని ఈ వారం మూడుసార్లు చదివాను. యూదులకు 613 ఆజ్ఞలు. మిగిలిన మనుషులకు, అంటే జలప్రళయం నుంచి బతికి బయటపడ్డ నోవహు సంతతికి, ఏడే. విగ్రహారాధన, దైవదూషణ, హత్య, అక్రమ సంబంధాలు, దొంగతనం కూడవు, న్యాయస్థానాలు ఉండాలి. ఏడోది, ప్రాణంతో ఉన్న జంతువు నుంచి కోసిన మాంసం తినకూడదు. జలప్రళయం తర్వాతే మనిషికి మాంసాహారం అనుమతించారు కదా, అందుకే ఆ కాలంలోనే ఈ హద్దు కూడా పెట్టారు! ఎంత దయ ఉంది ఇందులో.

రోజూ దేవుడి పటం ముందు దీపం పెట్టే నాకు విగ్రహారాధన కూడదన్న నిషేధం దగ్గర మాత్రం మనసు చివుక్కుమంది. 13వ శతాబ్దంలో పెర్పిన్యాలో (ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్) ఉన్న యూదు పండితుడు మెనాకెం మెయిరీ, మతనియమాలకు కట్టుబడిన తన కాలపు జాతులను ప్రాచీన విగ్రహారాధకులతో కలపకూడదన్నాడు. ఆయన మనసులో ఉన్నది క్రైస్తవులు, ముస్లింలే. అయినా ఆయన మీద నాకు గౌరవం కలిగింది.