కొత్త వీడియో ఏదో గుర్తుపట్టమన్నారు

యూట్యూబ్ ఛానెల్ పెట్టడం, మైకు కొనుక్కోవడం గురించి రాయడానికేమీ లేదు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటల వాచ్ టైమ్ పూర్తయ్యాక మానిటైజేషన్‌కి అప్లై చేశాను, వచ్చింది. అసలు కథ ఆ తర్వాతే.

నాది ఎక్సెల్ పాఠాల ఛానెల్. కొన్నాళ్లుగా వ్యూస్ తగ్గవు, పెరగవు. కొత్తవాళ్లు వస్తున్నారు కానీ వచ్చినవాళ్లు మళ్లీ రావడం లేదు. టెన్షన్ పట్టుకుని ఒక ఏజెన్సీకి ఫీజు కట్టాను. అంతకుముందు "ఆడుతున్న ఫార్మాట్‌ని ముట్టుకోకండి మేడమ్" అని సలహా ఇచ్చింది కూడా వాళ్లే. ఆ మాట వాళ్లు మర్చిపోయారు, నేను మర్చిపోలేదు.

వీడియో కాల్‌లో ఐదారుగురు ఉన్నారు. ఒకబ్బాయి నా వీడియోలు రెండు పక్కపక్కన పెట్టి, సౌండ్ తీసేసి, "వీటిలో నిన్న పెట్టింది ఏదో చెప్పండి మేడమ్" అన్నాడు. రెండింట్లోనూ అదే గోడ, అదే నవ్వు, అదే చెయ్యి ఊపడం. కుడివైపుది అన్నాను. ఎవరో మైక్ ఆపుకోవడం మర్చిపోయినట్టున్నారు, కిసుక్కుమన్న నవ్వు వినిపించింది. కుడివైపుది రెండేళ్ల నాటిదట. నా ముఖం ఆ స్క్రీన్ మీదే, పెద్దగా.

ఇంతా చేసి వాళ్లిచ్చిన రిపోర్టులో ఉన్నదేమిటయ్యా అంటే, థంబ్‌నెయిల్ రంగు మార్చండి, రోజుకో షార్ట్ పెట్టండి! దీనికా డబ్బు? యూట్యూబ్ స్టూడియోలో ఉచితంగానే మూడు థంబ్‌నెయిల్స్ పెట్టి పరీక్షించుకోవచ్చు. పైగా ఒకే మూసలో పోతపోసిన వీడియోలకు డబ్బులు రావని యూట్యూబ్ 2025 జులైలో నిబంధనను ఇంకా స్పష్టం చేసింది. రోజుకొకటి వదలమనేవాళ్లు అది చదివారో లేదో!

ఆలోచిస్తే, జవాబు ముందే తెలిసిన పాఠాలే చెబుతున్నాను. నాకే ఆసక్తి లేనప్పుడు చూసేవాళ్లకెక్కడిది? ఒక వ్యూయర్ "వీలుకప్ పనిచేయట్లేదు" అంటూ (పట్టికలో వెతికి విలువ తెచ్చిపెట్టే VLOOKUP ఫార్ములా) ఫైలు పంపితే, ముందుగా చూడకుండా రికార్డింగ్ నొక్కి తెరిచాను. (ఫోన్ నంబర్లు, జీతాల కాలమ్‌లు తీసేసి పంపమనండి, లేకపోతే మీ మెడకు చుట్టుకుంటుంది.) ఎన్ఏ ఎర్రర్, అంటే వెతికింది దొరకలేదని. చివర ఖాళీ ఉందేమోనని, అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫార్ములా వాడాను. మళ్లీ అదే. అక్షరాలు లెక్కపెట్టే లెన్ పెట్టి చూస్తే ఒక అక్షరం ఎక్కువ వస్తోంది, కంటికి మాత్రం ఏదీ కనిపించదు. అది వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చిపడే ఖాళీ, కోడ్ 160. ట్రిమ్ దాని జోలికే పోదు. ఒకదాని బదులు మరొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్‌తో తీసేశాక లెక్క కుదిరింది. తల గోక్కున్నదంతా కట్ చేయకుండా ఉంచాను. వీడియోలో ఎక్కడెక్కడ ఎంతమంది చూస్తున్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ సరిగ్గా నేను ఇరుక్కున్న చోటే పైకి లేచింది. ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు కూడా కామెంట్లలో ఇది తెలియదన్నారు, గొప్ప కోసం చెప్పడం లేదు, సరే, కొంచెం గొప్ప కోసమే.

మొన్న ఆ ఏజెన్సీ నుంచి మెసేజ్ వచ్చింది. "ఇరుక్కునే ఫార్మాట్ అదిరింది మేడమ్, ఇక వారానికి మూడు ఇవే ఫిక్స్ చేద్దాం." కొటేషన్ కూడా జతచేశారు.