వీ1, వీ2, వీ3 పట్టికను వరసగా బట్టీ పట్టకండి

రిజల్ట్స్ వచ్చాక చాలామంది అడుగుతున్నారు, ఇంగ్లిష్ ఎలా చదివావని. ఒకాబులరీ, కాంప్రహెన్షన్‌లకు రోజూ చదవడమే, వేరే దారి లేదు. నేను చెప్పాలనుకున్నది ఇర్రెగ్యులర్ వెర్బ్స్ గురించి, అంటే పాస్ట్‌లో మామూలుగా -ed చేరని క్రియల గురించి.

ఏ నుంచి జెడ్ దాకా వీటి వీ1 (మూల రూపం), వీ2 (పాస్ట్), వీ3 (పాస్ట్ పార్టిసిపుల్) ఉండే పట్టిక అందరి దగ్గరా ఉంటుంది. వరసగా బట్టీ పడితే బి అక్షరం దాటేసరికే నీరసం వస్తుంది. (అందుకేనేమో బికేమ్, బిగాన్ అందరికీ వచ్చు, స్వంగ్, స్వోలెన్ రావు!) నేను శబ్దాన్ని బట్టి గుంపులు కట్టుకున్నాను. సింగ్-స్యాంగ్-సంగ్, రింగ్-ర్యాంగ్-రంగ్ ఒక గుంపు. కీప్-కెప్ట్, స్లీప్-స్లెప్ట్ ఇంకోటి. కట్, పుట్, హిట్ అసలు మారవు. బ్రింగ్ మాత్రం సింగ్ పక్కన ఇమడదు, అది బ్రాట్ అయి టీచ్, క్యాచ్‌ల గుంపులో చేరుతుంది.

అయితే ఎర్రర్ బిట్లు (వాక్యంలో తప్పు కనిపెట్టే ప్రశ్నలు) ఎక్కువగా లై, లే లాంటి జంటల దగ్గరే దెబ్బ కొడతాయి. లై (పడుకోవడం) పాస్ట్‌లో లే అవుతుంది, వీ3 లెయిన్. లే (పెట్టడం) మాత్రం లెయిడ్, లెయిడ్. వీటితో చాలా రోజులు తల పట్టుకున్నాను. మన లేచు-లేపు, పడు-పడగొట్టు గుర్తొచ్చాక చిక్కు విడిపోయింది. రైజ్ అంటే తనే లేవడం, రెయిజ్ అంటే ఇంకోదాన్ని లేపడం. ఫాల్ పడటం, ఫెల్ చెట్టును పడగొట్టడం. సిట్ (కూర్చోవడం), సెట్ (ఒకదాన్ని పెట్టడం) కూడా అంతే. ఈ అర్థాల్లో జంటలోని రెండోదానికి ఆబ్జెక్ట్ (కర్మ) ఉండి తీరాలి. పైగా దాని రూపాలు సులువు: రెయిజ్డ్, ఫెల్డ్, లెయిడ్, సెట్. ముందు ఆబ్జెక్ట్ ఉందో లేదో చూడండి, తర్వాతే ఆప్షన్లు.

ఫైండ్-ఫౌండ్, స్థాపించే ఫౌండ్‌కి ఫౌండెడ్, ఉరి తీస్తే హ్యాంగ్డ్, బట్టలు తగిలిస్తే హంగ్, నది ఓవర్‌ఫ్లోడ్ (ఓవర్‌ఫ్లోన్ కాదు): ఇవి విడిగా రాసుకోండి.

"వచ్చే ఒకటి రెండు బిట్ల కోసం ఇంత టైమా?" అని నన్ను ఆటపట్టించినవాళ్లున్నారు. వీ3 రాకుండా పాసివ్ వాయిస్ ఎలా చేస్తారు? పర్ఫెక్ట్ టెన్స్? ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే బీ, హావ్, డూ, సే, గో, గెట్, మేక్ అన్నీ ఇర్రెగ్యులరే. టైమ్ వృథా చేసింది నేను కాదు. నాలుగు గ్రూపుల్లో పీడీఎఫ్‌లు పోగేసి ఒక్కటీ తెరవని వాళ్లకు ఆ మాట అనే హక్కు లేదు. రోజూ పది వెర్బ్స్‌తో సొంత వాక్యాలు రాయండి, మూడ్ లేకపోయినా రాయండి.

లెర్న్ట్, లెర్న్డ్ రెండూ కరెక్టే. దాని మీద వాదించుకుంటూ కూర్చోకండి.