పడకపోవడం వేరు, చీము పట్టడం వేరు

మా ఉత్తరాంధ్రలో ముక్కుకు ఏ బాధ కలిగినా "నాకు సైనస్ ఉంది" అని చెప్పుకోవడం పరిపాటి. నిజానికి సైనస్ జబ్బు పేరు కాదు. నుదుటిలో, బుగ్గల్లో, కళ్ళ నడుమ, ముక్కు వెనుక లోతున నాలుగు జతలుగా అందరికీ ఉండే గాలి గదుల పేరు అది. ఆ ఒక్క మాట కింద అలర్జీ (పడకపోవడం), సైనస్ ఇన్ఫెక్షన్ (చీము పట్టడం) అనే రెండు వేర్వేరు బాధలు కలిసిపోవడం వల్ల నేను ఎన్నో సంక్రాంతులకు అక్కరలేని మందులు మింగాను.

మేము విజయనగరంలో ఉంటాము. నా పుట్టిల్లు ఆమదాలవలస దగ్గరి పల్లె. పండుగకు వెళ్ళేనాటికి కళ్ళాల్లో నూర్పుల దుమ్ము ఇంకా అణగదు, మా కోసం అమ్మ అటక మీది బొంతలు, దూది దిండ్లు దింపి ఉంచుతుంది. మర్నాడు నిద్ర లేస్తూనే వరుసగా పది పదిహేను తుమ్ములు, ముక్కు నుంచి ధారగా నీరు, కళ్ళలోనూ అంగిట్లోనూ భరించలేని దురద. "సైనస్ మళ్ళీ వచ్చింది" అని మందుల షాపుకు మనిషిని పంపితే మూడు రోజుల యాంటీబయాటిక్ వచ్చేది. ఆ మాత్రలు అయిపోయేసరికి కనుమ దాటేది, మేము విజయనగరం చేరుకునేవాళ్ళం, తుమ్ములు ఆగిపోయేవి. మందు పనిచేసిందని ఏళ్ళ తరబడి నమ్మాను. నన్ను తేరుకునేలా చేసింది మందు కాదని, ఆ బొంతలకూ ఆ దుమ్ముకూ దూరం కావడమేనని ఒక వైద్యురాలు అడిగిన మూడు ప్రశ్నలతో అర్థమైంది: జ్వరం వచ్చిందా, దురద ఉందా, ఊరు మారితే తగ్గుతోందా?

అలర్జీని పట్టి ఇచ్చేది ముఖ్యంగా ఆ దురదే. "నాకు దుమ్ము పడదు" అనే మన మాటలో దాని స్వభావమంతా ఉంది: హాని చేయని పదార్థాన్ని శరీరం శత్రువుగా ఎంచి హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది, దానివల్లే తుమ్ములు, దురద, నీళ్ళ పడిశం. అక్కడ చంపవలసిన సూక్ష్మజీవి లేదు కనుక యాంటీబయాటిక్‌కు పని లేదు, జ్వరమూ రాదు. మన కోస్తా తేమలో పరుపుల్లో, బొంతల్లో కంటికి కనబడని దుమ్ము పురుగులు బాగా పెరుగుతాయి. ఖాళీ స్థలాల్లో తెల్లగా పూసే వయ్యారిభామ పుప్పొడి కూడా చాలామందికి పడదు.

అసలైన సైనస్ ఇన్ఫెక్షన్ ఎలా ఉంటుందో మా బావగారికి వచ్చినప్పుడు చూశాను. మామూలు రొంపగా మొదలై ఆరో రోజుకు తగ్గుముఖం పట్టి, ఎనిమిదో రోజున తిరగబెట్టింది. చిక్కటి పసుపు చీమిడి, ఒక పక్క బుగ్గలో బరువు, వంగితే పోటు. పోపులో ఇంగువ వేసినా వాసన తెలియలేదు. దురద మాత్రం లేదు. పై దవడ పళ్ళు సలుపుతుంటే ముందు పంటి వైద్యుడి దగ్గరికే వెళ్ళారు, ఎందుకంటే ఆ పళ్ళ వేళ్ళు బుగ్గలోని సైనస్ అడుగుకు ఆనుకునే ఉంటాయి.

చీమిడి పచ్చబడగానే యాంటీబయాటిక్ వాడాలన్నది మనలో బలంగా నాటుకుపోయిన పొరపాటు. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైము వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ పనిచేయని వైరస్ పడిశంలోనూ అలాగే ఉంటుంది. అందుచేత రంగు కన్నా రోజులు లెక్కపెట్టడం మేలు. పది రోజులు దాటినా కొంచెమైనా తగ్గకపోతే, లేదా బావగారికి జరిగినట్టు తగ్గి మళ్ళీ ముదిరితే, లేదా మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరం, చీములాంటి చీమిడి మూడు నాలుగు రోజులు వదలకుండా ఉంటే బాక్టీరియా చేరిందని వైద్యులు అనుమానిస్తారు. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనబడడం, మెడ బిగుసుకోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి ఉంటే మాత్రం ఏ లెక్కా పెట్టకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. ముక్కు దిబ్బడకు షాపులో ఇచ్చే చుక్కల మందును కూడా అయిదు రోజులకు మించి వాడకూడదు. అలవాటైతే ఆ చుక్కలే దిబ్బడను తెచ్చిపెడతాయి.

ఇప్పుడు నేను వైద్యురాలు రాసిన, ముక్కు లోపలి వాపును తగ్గించే స్టెరాయిడ్ స్ప్రేను పండుగకు పది రోజుల ముందే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే దాని ప్రభావం పూర్తిగా తెలియడానికి రోజులు పడుతుంది. ముక్కు నడిమి గోడకు కాక, అదే పక్క కంటి వైపుగా కొట్టాలని ఆమె చేసి చూపించారు. నేను వెళ్ళే ముందే బొంతలను వేడినీళ్ళలో ఉడికించి ఉతికి, డాబా మీద ఎండబెట్టించే బాధ్యత అమ్మ తీసుకుంది. తుమ్ములు పూర్తిగా పోలేదు, కానీ భోగి మంట దగ్గర ఎప్పటిలా ముక్కు మూసుకుని నిలబడవలసిన అవసరం లేకపోయింది.

బావగారి విషయంలో మరొకటి తరువాత తేలింది. ఆయన రోజంతా ఉండేది రైస్ మిల్లులో. ఊక దుమ్ము ఆయనకు పడదు. ఆ అలర్జీతో ముక్కు లోపలి పొర వాచి సైనస్ ద్వారం మూసుకుపోతే, లోపల నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు పెరగడం తేలిక. ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా ఆ వాపుకు మందు వాడుతూ, మిల్లులో ఉన్నంతసేపూ మాస్కు పెట్టుకుంటున్నారు.