సీసాలోని లాంప్రే

ఇంటర్మీడియట్ జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఫార్మలిన్ సీసాలో ఉన్న ఆ జీవిని, దాని మీది చీటీ చదివేదాకా, మలుగుపామనే అనుకున్నాను. చీటీ మీద 'పెట్రోమైజాన్, తరగతి సైక్లోస్టొమేటా' అని ఉంది. అంటే అది లాంప్రే, గుండ్రని నోటి జీవుల తరగతికి చెందినది. సీసా తిప్పి చూస్తే దవడలు లేవు. గిన్నెలాంటి గుండ్రని నోరు, దాని లోపలి గోడ నిండా వరుసలుగా పసుపుపచ్చని కొమ్ముపళ్ళు, కంటి వెనక ఒక్కో పక్కన వేణువు మీది రంధ్రాల్లా ఏడు మొప్ప రంధ్రాలు కనిపించాయి. పెద్ద చేపకు అతుక్కుని రక్తం పీలుస్తున్నంతసేపూ నోరు ఖాళీ ఉండదు కాబట్టి, ఊపిరికి కావలసిన నీరు ఆ రంధ్రాల గుండానే లోపలికి వచ్చి వాటి గుండానే బయటికి పోతుంది.

లాంప్రే పిల్లకు ఆ పళ్ళూ ఉండవు, పైకి కనిపించే కళ్ళూ ఉండవు. ఏళ్ళ తరబడి ఏటి బురదలో దాగి, నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తినే ఆ డింభకాన్ని పండితులు వేరే ప్రజాతిగా భావించి అమ్మోసీటిస్ అని పేరు పెట్టారు. అది లాంప్రే పిల్లేనని 1856లో ఆగస్ట్ ముల్లర్ నిరూపించాడు. స్ట్రాస్‌బర్గ్ జాలరి బాల్డ్‌నర్ మాత్రం ఆ సంగతి 17వ శతాబ్దంలోనే గమనించి రాసిపెట్టుకున్నాడు.

లాంప్రేలాగే దవడలు లేని హాగ్‌ఫిష్ కథ ఇంకా చిక్కైనది. సముద్రపు అడుగున చచ్చిన చేపలను లోపలినుంచి తినే ఈ జీవిని పట్టుకోబోతే క్షణాల్లో జిగురు వదులుతుంది. తర్వాత తోకతో తన ఒంటికే ముడి వేసుకుని, ఆ ముడిని తలవైపు జార్చుతూ ఆ జిగురును తుడిచేసుకుంటుంది. 1758లో లిన్నేయస్ దీన్ని పురుగుల్లో చేర్చాడు. 1806లో ద్యుమెరిల్ గుండ్రని నోటిని బట్టి దీన్నీ లాంప్రేనూ ఒకే గుంపులో పెట్టాడు. అయితే వెన్నుపూసలు కనిపించకపోవడం, శరీర ద్రవాలు సముద్రపు నీటంత ఉప్పగా ఉండడం చూసి, 20వ శతాబ్దం చివర్లో చాలామంది హాగ్‌ఫిష్‌ను విడదీసి, లాంప్రేను దవడలున్న జీవులకు దగ్గర చుట్టంగా లెక్కగట్టారు.

నా దృష్టిలో అసలు పొరపాటు లేని అవయవాన్ని బట్టి చుట్టరికం కలపడంలోనే ఉంది. దవడలు లేవన్న ఒక్క కారణంతో 'అగ్నాత'లో కలిపేసిన ప్రాచీన కవచపు చేపల్లో కొన్ని నిజానికి దవడలున్న చేపలకే దగ్గరివి. 2010లో సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువుల) పోలిక లాంప్రే, హాగ్‌ఫిష్‌లను మళ్ళీ ఒక్క కొమ్మ మీదికి చేర్చింది. మరుసటి ఏడాది జపాన్ పరిశోధకులు హాగ్‌ఫిష్ తోక భాగంలో, పృష్ఠవంశం (వీపు పొడవునా ఉండే పూసలు కాని మెత్తని కడ్డీ, నోటోకార్డ్) కింద, వెన్నుపూసల అవశేషాల్లాంటి మృదులాస్థి ముక్కలను చూపించారు. అంటే పూసలు దానికి మొదటినుంచీ లేనివి కావు, తర్వాత క్షీణించినవి. మా సీసా మీది పాత చీటీని మార్చవలసిన పని లేకపోయింది.