చెవిలో ఐదు సూదులు

బెంగళూరులో ఐసీయూ నర్సుగా నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చినా టెన్షన్ దిగదు, మానిటర్ అలారం చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఈమధ్య ఆక్యుపంక్చర్ నేర్చుకున్న ఒక డాక్టరుగారు మా యూనిట్‌లో కొందరికి చెవికి సూదులు పెట్టారు. ఒక్కో చెవిలో ఐదు చోట్ల, సన్నటివి, ఒకసారి వాడి పారేసే స్టెరైల్ సూదులు. గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత అరగంట పైనే మాట్లాడకుండా కూర్చోవాలి. 1970లలో న్యూయార్క్ లింకన్ హాస్పిటల్‌లో మత్తు అలవాటు మాన్పించడానికి మొదలుపెట్టిన పద్ధతట ఇది. నాకైతే భుజాలు వదులయ్యాయి, ఆ పగలు హాయిగా నిద్ర పట్టింది. సూదుల వల్లా, అంతసేపు ఎవరూ పిలవకుండా కూర్చోనిచ్చినందుకా అంటే రెండూ అనే నా నమ్మకం. కానీ స్టాఫ్ తక్కువైతే ఏ సూదీ సరిపోదు, మనుషుల్ని పెంచమని అడగడం మాత్రం మానొద్దు అక్కలూ. చేయించుకునేవాళ్లు రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.