అరచేతిలో టైటానియం మరమేకు

"ఇదే మీ కొత్త పంటికి వేరు" అంటూ అమలాపురంలో డాక్టరు గారు నమూనా మరమేకును నా అరచేతిలో పెట్టారు. వడ్లగింజ కంటే కాస్త లావు, అంతే.

దవడ ఎముక ఆ టైటానియం లోహాన్ని గట్టిగా పట్టుకోవడానికి 3 నుంచి 6 నెలలు కావాలట. నా సెలవేమో 30 రోజులే. ఈ రోజు మర బిగించారు, పైన పన్ను వచ్చే సంక్రాంతికి.

ఒక్క పంటికి 35 వేలు. కువైట్‌లో కంపెనీ ఇచ్చిన బీమా పన్ను తీయడానికి, సిమెంటు నింపడానికి పనికొస్తుంది, ఇలా మర బిగించి పన్ను పెట్టే ఇంప్లాంటుకు మాత్రం చెల్లదు. నాలుగేళ్లుగా జేబులో ఉన్న కార్డు! గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు పంటి వైద్యం షరతులు ఒకసారి చదవండి, దయచేసి.

ఇంటికి రాగానే అమ్మ కొబ్బరిపాల పాయసం చల్లార్చి ఇచ్చింది.

"నమలక్కర్లేదు నాన్నా, మెల్లగా మింగు."