మాను పైనుంది

అడవుల్లో ఎంత కార్బన్ దాగుందో ఉపగ్రహాలతో లెక్కగట్టే పరిశోధనలో చేరిన మొదటి ఎనిమిది నెలలూ నేను చూసిన అడవంతా స్క్రీన్ మీదే. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితం కాబట్టి దశాబ్దాల బొమ్మలు దించుకుని, పచ్చదనం చెప్పే ఎన్‌డీవీఐ సూచిక లెక్కగట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే, ముప్ఫై ఏళ్ల కిందట నరికేశాక మళ్లీ మొలిచిన అడవీ, ఎన్నడూ గొడ్డలి పడని అడవీ అందులో ఒకే పచ్చ. ఆకుల దట్టం ఒక హద్దు దాటాక ఆ సూచిక ఇక పెరగదు. కార్బనేమో చాలావరకు మానుల్లో ఉంటుంది. పొడవాటి తరంగాలు వాడే ఎల్ బ్యాండ్ రాడార్ కొంత నయం, ఆకులు దాటి కొమ్మల దాకా పోతుంది. అదీ హెక్టారుకు చెట్ల బరువు నూరు, నూటయాభై టన్నుల దగ్గర చతికిలబడుతుంది. ఇంకా పొడవాటి తరంగాల పీ బ్యాండ్‌తో మానుల దాకా చూసే బయోమాస్ ఉపగ్రహం 2025 ఏప్రిల్‌లో గానీ ఎగరలేదు. అప్పటిదాకా ఆగే వీలు నాకు లేదు.

అందుకే గెడీ వైపు మళ్లాను. 2018 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన లేజర్ పరికరమది. 25 మీటర్ల వ్యాసమున్న వలయంలో చెట్ల ఎత్తు చెబుతుంది. ఆ ఎత్తుని టన్నుల్లోకి మార్చాలంటే నేల మీద ఎవరో ఒకరు చెట్లు కొలిచి ఉండాలి. ఆ ఎవరో నేనేనని మా గైడు తేల్చేశారు.

హెక్టారు ప్లాటంటే వంద మీటర్లకి వంద మీటర్లు. వినడానికి సులువే. మాది ముప్ఫై డిగ్రీల వాలులో పడింది. టేపు నేలకి ఆనించి వంద మీటర్లు లాగి మేకులు కొట్టేశాం. రెండు రోజులు పోయాక గానీ తట్టలేదు: ఉపగ్రహం పైనుంచి చూస్తుంది, ఆ వాలు మీది వంద మీటర్లు దానికి 87 మీటర్లే. తాళ్లన్నీ విప్పి మళ్లీ వేశాం.

తర్వాత పని గాడిలో పడింది. పది సెంటీమీటర్ల వ్యాసం, ఆపైన ఉన్న ప్రతి చెట్టునీ నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలవాలి. మా టేపు మీద అంకెలు పై (π) విలువ ప్రకారం ముద్రించి ఉంటాయి, మాను చుట్టూ చుడితే నేరుగా వ్యాసమే చదువుకోవచ్చు. మానుని కావలించుకున్న తీగల కిందుగా టేపు దూర్చాలి, నాచు గీకెయ్యాలి, అల్యూమినియం బిళ్ల కొట్టాలి, కొలిచినచోట రంగు గీత వెయ్యాలి. ఎత్తు కొలవడం మాత్రం నరకం. కొన కనపడాలని వెనక్కి నడిచేకొద్దీ ఇంకో నాలుగు చెట్ల కొమ్మలు అడ్డం.

బరువు కట్టడానికి జెరోమ్ షావ్ బృందం 2014లో ఇచ్చిన సమీకరణం వాడాను. దాని వెనక 58 చోట్ల నరికి తూచిన 4,004 చెట్లున్నాయి. కలప సాంద్రత, వ్యాసం వర్గం, ఎత్తు గుణించి, ఆ లబ్ధాన్ని 0.976 ఘాతానికి ఎత్తి, 0.0673తో గుణిస్తే కిలోల్లో బరువొస్తుంది. అందులో 0.47 వంతు కార్బన్.

ఒక్కో గెడీ వలయంలో లేజర్ చెప్పిన ఎత్తుకీ, మేం కట్టిన బరువుకీ కలిపి గ్రాఫులో ఒక చుక్క పెట్టాను. చుక్కలన్నీ ఒక వరసలో ఉంటే ఒక్కటి మాత్రం పైకెక్కి కూర్చుంది. ముందు ఉపగ్రహాన్నే తిట్టుకున్నాను. గెడీ వలయం పది మీటర్లు పక్కకు పడొచ్చు, చెట్ల కింద జీపీఎస్‌నీ నమ్మలేం. నెలరోజులు వలయాన్ని అటూ ఇటూ జరిపి చూశాను. చుక్క దిగలేదు. అందులోని ఒక పెద్దచెట్టు నడిమధ్యలో ఉంది, ఎటు జరిపినా వలయంలోనే పడుతోంది. ఆఖరికి వాననీళ్లకు ఉబ్బిన నోట్సు తీస్తే 117వ చెట్టు ఎదురుగా నా దస్తూరీతోనే వ్యాసం 210 సెంటీమీటర్లు.

మళ్లీ వెళ్లాం. ఆ చెట్టు వేర్లు నాకంటే ఎత్తున గోడల్లా లేచి ఉన్నాయి. నా రంగు గీత ఒక గోడ అంచు మీద, ఇంకోటి పక్క గోడ అంచు మీద. మధ్యలో నా టేపు చుట్టింది ఉత్త గాలిని. మాతో వచ్చే పెద్దాయన కాసేపు చూసి, "మీరు కొలిచింది వేరుని సారూ. మాను పైనుంది కదా" అన్నాడు. నిజానికి రూలూ అదే: గోడలు ఆగిన చోటికి అరమీటరు పైన కొలవాలి. నేను చదివే ఉన్నాను, నిచ్చెన మోసే ఓపికే లేకపోయింది.

ఈసారి మోశాం. గోడలు 3.4 మీటర్ల దగ్గర ఆగాయి, 3.9 దగ్గర టేపు చుడితే 120 సెంటీమీటర్లు. ఎత్తు 42 మీటర్లు, సాంద్రత 0.55. బరువు 49 టన్నుల నుంచి 16.5 టన్నులకు దిగింది. హెక్టారు మొత్తమ్మీద అది 33 టన్నుల తప్పే. గెడీ వలయమో, హెక్టారులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని హెక్టారుకి పెంచి చూస్తే ఆరువందల టన్నులు దాటింది. నెలరోజులు నేను ఉపగ్రహం మీద మోపిన నేరమిది. పరిశోధన పత్రాల్లో క్షేత్రం పని గురించి రెండు వాక్యాలే ఎందుకు రాస్తారో నాకిప్పటికీ మింగుడుపడదు.

నిచ్చెన మీదే నిలబడి కొత్త గీత వేశాను, కిందది చెరపలేదు. ఐదేళ్ల తర్వాత మళ్లీ కొలవాలి. ఈలోగా ఆ గోడలు ఇంకా పైకి పాకితే గీత మరికాస్త పైకి జరుపుతాం. అప్పుడు పాత ఎత్తులోనూ, కొత్త ఎత్తులోనూ ఒకే రోజు కొలిచి, రెండూ రాసి పెట్టుకోవాలి.